వెలలేనిది, విలువలేనిది: ‘ఇన్‌వాల్యుబుల్’ మీద ఒక చర్చ

ప్రశ్న: తిరుపతి నుంచి ఒక ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. మా పాఠశాలలో లెక్కల మాస్టారు ఈ నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారు. ఇంగ్లీషులో సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. ‘ఇన్‌వాల్యుబుల్ సర్వీసెస్’ అని రాశాను. సన్మాన సంఘంలోని ఒక పెద్దాయన అది చదివి, “ముందు ‘ఇన్’ చేరిస్తే వ్యతిరేకార్థం వస్తుంది కదమ్మా, ఆయన సేవలకు విలువ లేదని మనమే చెప్పినట్లవుతుంది” అంటూ ‘ఇన్’ కొట్టేసి ‘వాల్యుబుల్’ అని దిద్దారు. ‘కరెక్ట్’కు ‘ఇన్‌కరెక్ట్’, ‘కంప్లీట్’కు ‘ఇన్‌కంప్లీట్’ వ్యతిరేకాలైనప్పుడు దీనికి మాత్రం వేరే నియమం ఎక్కడిదని అడిగారు. నిఘంటువు తెరిచి అర్థం చూపించగలిగాను. కారణం చెప్పలేకపోయాను. ఎవరైనా వివరిస్తారా?

జవాబు

అమ్మా, మీరు రాసిందే సరైనది. పత్రం అచ్చుకు వెళ్లేలోపు ఆ ‘ఇన్’ను తిరిగి చేర్చండి. అయితే ఆ పెద్దాయన ప్రశ్న తీసిపారేయవలసినది కాదు. ‘ఇన్’ అక్కడ వ్యతిరేకార్థంలోనే ఉంది, ఆ సంగతి ఆయన సరిగానే పట్టుకున్నారు. అది దేన్ని కాదంటున్నదో చూస్తే చిక్కు విడిపోతుంది.

ఇంగ్లీషులో ‘వాల్యూ’ నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. నామవాచకమైతే విలువ. క్రియ అయితే విలువ కట్టడం. చివర చేరే ‘ఏబుల్’ ఎక్కువగా క్రియలకు అంటుకుని ‘చేయడానికి వీలైన’ అనే అర్థం ఇస్తుంది. ‘ఇన్‌వాల్యుబుల్’ లోపల ఉన్నది ఆ క్రియ. కాబట్టి ‘ఇన్’ కాదంటున్నది విలువను కాదు, విలువ కట్టడమనే పనిని. విలువ కట్టడానికి వీలుకానిది అని దాని అసలు అర్థం. పదహారో శతాబ్ది చివరి భాగం నుంచీ ఈ మాట ఇంగ్లీషులో ఉంది. ఇక ‘వాల్యుబుల్’ వాడుకలో ‘ఎంతో విలువ ఉన్నది’ అనే అర్థంలో స్థిరపడిపోయింది. ఒకటి క్రియను పట్టుకుని ఉండిపోయింది, రెండోది నామవాచకం వైపు ఒరిగింది. అందుకే జంటపదాల్లా కనిపిస్తున్నా ఒకదానికొకటి వ్యతిరేకం కాలేదు.

అయితే ఒక వస్తువుకు విలువ కట్టలేకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. కట్టడానికి అందులో ఏమీ లేకపోవడం ఒకటి. ఎంత కట్టినా చాలకపోవడం మరొకటి. ఇంగ్లీషువాళ్లు ‘ఇన్‌వాల్యుబుల్’ను రెండో కారణానికే కేటాయించారు. మొదటి దానికి ‘వాల్యూలెస్’, ‘వర్త్‌లెస్’ అనే మాటలు వేరుగా ఉన్నాయి.

ఈ విభజన మనకు కొత్త కాదు. తెలుగులో ‘వెలలేని’, ‘విలువలేని’ అనే రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే కుదురు నుంచి వచ్చినవి, రెండింటికీ తోక కూడా ఒకటే. అయినా మొదటిది ఆకాశానికి ఎత్తుతుంది, రెండోది నేలకు కొడుతుంది. ఇంగ్లీషులో ‘ప్రైస్‌లెస్’, ‘వాల్యూలెస్’ అచ్చంగా ఇదే జంట. మన కొండమీది పాటలోనే దీనికి ఉదాహరణ ఉంది. “వెలలేని వేదములు వెదకి తెచ్చిన చేయి” అన్నాడు అన్నమయ్య. మత్స్యావతారంలో వేదాలను వెదకి తెచ్చిన చేయి అది. ఆ పాట వింటున్న తిరుపతివారెవరూ ఒక్క క్షణమైనా “వేదాలకు విలువ లేదంటున్నాడేమిటి?” అనుకోరు. ‘వెలలేని’ అనగానే అంగట్లో దొరకనిది, ఇంత అని చెప్పడానికి మాట చాలనిది అని చెవికి తెలుస్తుంది. ఆ పెద్దాయనకు ఈ పాదం వినిపించి, ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే ఆ ‘వెలలేని’ అని చెప్పండి. వ్యాకరణం కంటే తొందరగా అర్థమవుతుంది.

ఈ సందర్భంలో ఆ రాగిరేకులనూ తలచుకోవాలి. తాళ్లపాక కవుల సంకీర్తనలను రేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. రాగికి వెల ఉంది, కిలోకు ఇంత అని ఏ పాత్రల దుకాణంలో అడిగినా చెబుతారు. దాని మీద చెక్కిన అక్షరానికి వెల కట్టే త్రాసు లేదు. ఒకే రేకులో వాల్యుబుల్, ఇన్‌వాల్యుబుల్ రెండూ ఉన్నాయి.

ఇంకో ప్రశ్న: చిత్తూరు నుంచి ఒక అన్నగారు

మీ వివరణ బాగుంది సార్. కానీ పాట వింటే తెలిసిపోతుందన్నారు, అది మన భాష కాబట్టి. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవారికైనా ఈ గందరగోళం ఎప్పుడూ కలగలేదా?

జవాబు

కలిగింది అన్నా. సాక్ష్యం షేక్‌స్పియర్ దగ్గరే ఉంది. ఇప్పుడు వాడుకలో బాగా తగ్గిపోయిన ‘అన్‌వాల్యూడ్’ అనే మాటను ఆయన రెండు నాటకాల్లో రెండు ఎదురెదురు అర్థాల్లో వాడాడు.

మూడో రిచర్డ్ నాటకంలో చెరసాలలో ఉన్న క్లారెన్స్ తనకు వచ్చిన పీడకలను కాపలా అధికారికి చెప్పే ఘట్టం ఉంది. తాను సముద్రంలో మునిగిపోయినట్లు, అడుగున పగిలిన ఓడలు, బంగారు కడ్డీలు, పెద్ద పెద్ద లంగర్లు, ముత్యాల రాశులు చెల్లాచెదురుగా పడి ఉన్నట్లు కల. కొన్ని రత్నాలు చనిపోయినవారి పుర్రెల్లో, ఒకప్పుడు కళ్లున్న గుంటల్లో చేరి మెరుస్తున్నాయట. ఆ సంపదను వర్ణిస్తూ ‘ఇనెస్టిమబుల్ స్టోన్స్, అన్‌వాల్యూడ్ జువెల్స్’ అంటాడు. అంటే లెక్కకట్టలేని రాళ్లు, వెలలేని ఆభరణాలు. ఇక్కడ ‘అన్‌వాల్యూడ్’ అంటే అమూల్యం.

హామ్లెట్‌లో లేర్టీజ్ తన చెల్లెలు ఒఫీలియాను హెచ్చరిస్తాడు. హామ్లెట్ రాకుమారుడు, ‘అన్‌వాల్యూడ్ పర్సన్స్’లా తన ఇష్టప్రకారం ఎవరినైనా ఎంచుకునే స్వేచ్ఛ అతనికి లేదు, అతని ఎంపిక మీద రాజ్యక్షేమం ఆధారపడి ఉంది అంటాడు. ఇక్కడ అదే మాటకు ‘లెక్కలోకి రాని సామాన్యులు’ అని అర్థం. రాసిన చేయి ఒకటే, మాట ఒకటే, రెండు నాటకాల మధ్య పదేళ్లైనా గడవలేదు. ఒకచోట సముద్రం అడుగున రత్నం, మరోచోట ఎవరూ పట్టించుకోని మనిషి. సందర్భమే రెండింటినీ విడదీస్తున్నది.

ఈ తేడాను కళ్లారా చూడాలంటే బంగారం తాకట్టు పెట్టుకునే ఏ బ్యాంకు కౌంటరు దగ్గరైనా కాసేపు నిలబడితే చాలు. విలువ కట్టే మనిషి నెక్లెసును చేతిలోకి తీసుకుని గీటురాయి మీద ఒక గీత గీస్తాడు. గీత మీద ఆమ్లం చుక్క వేసి రంగు మారుతుందేమో చూస్తాడు. తర్వాత త్రాసులో పెడతాడు. మొత్తం బరువు కాగితం మీద రాసి, దాని కింద రాళ్ల బరువు ఇంత అని తీసివేస్తాడు. మిగిలిన బంగారానికే ఆ రోజు ధర ప్రకారం లెక్క. ఆ రాళ్లు కెంపులో, పచ్చలో, ఎవరి అమ్మమ్మ చేయించుకున్నవో ఆ కాగితానికి అనవసరం. అవి అక్కడ అక్షరాలా ‘అన్‌వాల్యూడ్ జువెల్స్’, హామ్లెట్ అర్థంలో. నెక్లెసు తాకట్టు పెడుతున్న తల్లికి మాత్రం అవే రాళ్లు క్లారెన్స్ కలలోని అర్థంలో ‘అన్‌వాల్యూడ్’. కౌంటరుకు ఇటువైపు ఒక అర్థం, అటువైపు ఇంకో అర్థం.

రెండు అర్థాల మధ్య ఊగిసలాడే మాట ఎక్కువకాలం నిలవదు. నేటి ఇంగ్లీషులో ‘ఇన్‌వాల్యుబుల్’ పొగడ్తకే పరిమితమైంది, ‘వాల్యూలెస్’ తెగడ్తకే. ‘అన్‌వాల్యూడ్’ అరుదుగా వినిపిస్తుంది, వినిపించినా గుర్తింపు దొరకని మనిషి గురించే ఎక్కువ.

చిత్తూరు అన్నగారే మళ్లీ

అయితే ‘ఇన్’ ఉన్న మాట కనిపిస్తే ప్రతిసారీ లోపల క్రియ ఉందో నామవాచకం ఉందో వెతుక్కోవాలా? ఒక సూత్రం అంటూ లేదా?

జవాబు

సూత్రం ఉంటే నాకూ సంతోషమే అన్నా. కానీ ‘ఇన్’ ఒకటి కాదు, రెండు. లాటిన్‌లో ఒక ‘ఇన్’ కాదనేది. ఇంకొకటి ‘లోపలికి’ అని చెప్పేది. రేణిగుంట దారిలో పెట్రోలు ట్యాంకరు వెనుక వెళుతున్నప్పుడు ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది. అది అంటుకోదని కాదు, ఇట్టే అంటుకుంటుందని. అక్కడి ‘ఇన్’ రెండో రకం. దాన్ని మొదటి రకమని పొరబడి ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటారేమోననే భయంతోనే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థలు ‘ఫ్లేమబుల్’ అని మాత్రమే రాయాలని 1920ల నుంచి పట్టుబట్టాయి. ‘ఇన్‌ఫేమస్’ ఇంకో తీరు. కాదనే ‘ఇన్’ అయినా ‘ప్రసిద్ధి లేని’ అని కాక, చెడ్డపేరు మోసిన మనిషికి అంటుకుంది. కాబట్టి ఇలాంటి మాటలను ఒక్కొక్కటిగా పరిచయం చేసుకోవలసిందే.

మన ‘అ’ ఉపసర్గ మాత్రం తక్కువదా? ‘అసమాన ప్రతిభ’ అంటే సాటిలేని ప్రతిభ, పొగడ్త. ‘అసమానతలు’ అంటే సమాజంలోని హెచ్చుతగ్గులు, ఫిర్యాదు. ఒకే ‘అసమాన’. సాటి లేదని చెప్పడం, సమంగా లేదని చెప్పడం రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి. ‘అపారం’ అంటే ఒడ్డు లేనిది, ‘అనంతం’ అంటే అంతు లేనిది. ‘అతులితం’ అంటే త్రాసుతో తూచలేనిది. హనుమంతుణ్ణి అతులిత బలధాముడంటాం. తుల అంటే త్రాసు. తిరుమలలో బిడ్డను కూర్చోబెట్టి బెల్లమో నాణేలో ఎదురు తూచి మొక్కు చెల్లించే తులాభారంలోని తుల అదే. కృష్ణతులాభారం కథలో సత్యభామ నగలన్నీ పోసినా మొగ్గని త్రాసు రుక్మిణి వేసిన తులసిదళానికి మొగ్గింది. మనవాళ్లు ‘అతులితం’ అనే మాటకు ఇంత పెద్ద కథ కట్టుకున్నారు.

ఇవన్నీ లోపాన్ని చెప్పే మాటలే. ఒడ్డు లేదు, అంతు లేదు, తూకం లేదు, మూల్యం లేదు. కానీ లోపం ఆ వస్తువులో లేదు, కొలిచేవాడి చేతిలోని కొలతలో ఉంది. ‘ఇన్‌వాల్యుబుల్’ ఈ వరుసలోని మాట. ‘ఇన్‌కరెక్ట్’ పక్కన కూర్చోబెట్టడం వల్లే ఆ పెద్దాయనకు అనుమానం వచ్చింది. ‘అతులితం’, ‘అపారం’ పక్కన కూర్చోబెడితే రాదు.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘అనర్ఘం’ కూడా ఇదే. అర్ఘం అంటే వెల. అనర్ఘ రత్నాలు అంటే వెలలేని రత్నాలు. ఇప్పుడు పద్యాల్లో తప్ప కనిపించడం తగ్గింది. ‘అమూల్యం’ మాత్రం ఊరంతా తిరుగుతోంది. దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలని ఉంది.

వాడుక గురించి

‘ఇన్‌వాల్యుబుల్’ను ఎక్కడ వాడాలి అని మరో ఇద్దరు అడిగారు. ముందు ఎక్కడ వాడకూడదో చెబుతాను. ఎర్రచందనం వార్తలు మన జిల్లాలో తరచూ చదువుతూనే ఉంటాం. ‘విలువైన ఎర్రచందనం దుంగలు స్వాధీనం’ అని శీర్షిక ఉంటుంది. ఇంగ్లీషులో అది ‘వాల్యుబుల్’ కావాలి. ఆ దుంగలను తూచి, ఏ, బీ, సీ అని గ్రేడు నిర్ణయించి, టన్నుకు ఇంత అని వేలం వేస్తారు. లెక్క తేలిన సరుకును ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే అబద్ధమవుతుంది. ఆ చెట్టు సహజంగా పెరిగే శేషాచలం కొండల సంగతి వేరు. ఆ అడవిని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. దాని గురించి రాసేటప్పుడు ‘ఇన్‌వాల్యుబుల్’ అనండి, మాట అతుకుతుంది. దుంగ వాల్యుబుల్, అడవి ఇన్‌వాల్యుబుల్.

ఇంగ్లీషులో ఈ మాట వస్తువుల కంటే సహాయానికి, సలహాకు, అనుభవానికి, మనుషులకు ఎక్కువగా చేరుతుంది. పాత చిత్రపటానికో వారసత్వపు నగకో ‘ప్రైస్‌లెస్’ అంటారు. ఆ ‘ప్రైస్‌లెస్’కు మాటల్లో ఇంకో వాడుక కూడా ఉంది. కడుపుబ్బ నవ్వించిన సంఘటనను చెబుతూ ‘అది ప్రైస్‌లెస్’ అంటారు. సన్మాన పత్రంలో ఆ ఛాయ అడ్డు పడవచ్చు, కాబట్టి అక్కడ ‘ఇన్‌వాల్యుబుల్’ క్షేమం. ఇంకో జాగ్రత్త: ‘వెరీ ఇన్‌వాల్యుబుల్’, ‘మోస్ట్ ఇన్‌వాల్యుబుల్’ రాయకండి. కొలతకు అందనిదాన్ని మళ్లీ చాలా, మిక్కిలి అని కొలవడమెందుకు? తెలుగులో ‘అత్యంత అమూల్యమైన’ కూడా ఇదే కారణం చేత నాకు మింగుడుపడదు. ‘అమూల్యం’ అన్నాక ‘అత్యంతం’ అది చేసిన పనిని చెడగొడుతుంది.

ప్రశ్న వేసిన ఉపాధ్యాయినికి ఇక్కడే ఇంకో మాట. ‘ఇన్‌వాల్యుబుల్ సర్వీసెస్’ తప్పు కాదు కానీ ఎవరి పత్రంలోనైనా అతికించగల మాట. ఎవరికి, ఏ విషయంలో అని చెప్పినప్పుడు దానికి ప్రాణం వస్తుంది. ఆ మాస్టారు సాయంత్రాలు ఆగి వెనకబడిన పిల్లలకు లెక్కలు చెప్పి ఉంటే, ఆ పిల్లలకు పదో తరగతి గట్టెక్కడంలో ఆయన సహాయం ‘ఇన్‌వాల్యుబుల్’ అని రాయండి. అప్పుడు దాని కింద ఆయన పేరు తప్ప మరొకరి పేరు పట్టదు.

‘అమూల్యం’ సంగతికి వస్తాను. ‘మీ అమూల్యమైన సలహాలు’, ‘మీ అమూల్యమైన సమయం’ అని రోజూ చదువుతున్నాం. ఇంగ్లీషులోని ‘వాల్యుబుల్’ను తెలుగు చేయబోయి ఒక మెట్టు పైకి ఎక్కించిన మాటలు ఇవి. చాలాచోట్ల ‘విలువైన’ సరిపోతుంది. ఒక్కచోట మాత్రం ఈ మాటను దించవద్దని నా కోరిక. ఎన్నికలప్పుడు తిరుపతి వీధుల్లో ఆటోలకు మైకులు కట్టుకుని ‘మీ అమూల్యమైన ఓటు’ అని తిరుగుతారు. వినీ వినీ మనకు అది చప్పబడిపోయింది కానీ, ఆ పదబంధం అక్షరాలా నిజం. ఓటు మూల్యం లేనిది. మూల్యం కట్టడానికి వీల్లేనిదని చట్టమే చెబుతోంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు కోసం డబ్బో బహుమతో ఇవ్వడాన్ని అవినీతి చర్యగా పేర్కొంటుంది. వెల కట్టలేనిది, వెల కట్టకూడనిది, ఈ రెండు అర్థాలూ ‘అమూల్యం’లో ఇముడుతాయి. ‘విలువైన ఓటు’ అంటే ఆ రెండో అర్థం జారిపోతుంది. ఎంతో విలువైనదంటే, ఎంత అని అడిగేవాడు ఉండనే ఉంటాడు.

మూల్యం పేరుతో మన ఉపాధ్యాయులకు ఏటా ఎదురయ్యే మాట మరొకటి, మూల్యాంకనం. పదో తరగతి జవాబుపత్రాలు దిద్దడాన్ని ఇంగ్లీషులో ‘వాల్యుయేషన్’ అంటారు, ప్రకటనల్లో ‘మూల్యాంకనం’ అని వస్తుంది. మూల్యాంకనం కాని జవాబుపత్రం ‘అమూల్యం’ కాదు కదా. అది ఇంకా దిద్దనిది, అంతే. ‘అన్‌వాల్యూడ్’కు మూడో అర్థం కావాలంటే అదిగో.

ప్రశ్న: కుప్పం నుంచి ఒకరు

మా వైపు తమిళం, కన్నడం కలిసి వినిపిస్తాయి. సంతలో తమిళులు ‘విలై’ అంటారు, కన్నడిగులు ‘బెలె’ అంటారు. మన ‘వెల’కు ఇవి చుట్టాలేనా? మరి ‘విలువ’ సంగతేమిటి?

జవాబు

దగ్గరి చుట్టాలే. తమిళంలో ‘విల్’ అంటే అమ్మడం, దాని నుంచి ‘విలై’. పాత తెలుగు కావ్యాల్లో ‘విలుచు’ అనే క్రియ ఉంది. దాని అర్థం కొనడం! ఒకే ధాతువు సరిహద్దుకు అటు అమ్ముతోంది, ఇటు కొంటోంది. వ్యాపారం రెండు చేతుల పని కాబట్టి అందులో వింత లేదు. ‘వెల’, ‘విలువ’ ఆ కుదురులోనివే. తర్వాత పారసీకం నుంచి వచ్చిన ‘ఖరీదు’ కథా ఇదే. ఆ భాషలో ‘ఖరీద్’ అంటే కొనుగోలు, మన దగ్గర అది ధర అయింది. కన్నడిగులు వెలకట్టలేనిదాన్ని ‘బెలె కట్టలాగద’ అంటారు. ‘వెలకట్టు’, ‘బెలె కట్టు’, నుడికారం కూడా ఒకటే.

ఒకే ఇంట్లో పుట్టిన ‘వెల’, ‘విలువ’ చెరో దారిన పోయాయి. ‘వెల’ అంగడి వదిలి రాలేదు. ‘వెలయాలు’ అనే మాటలో అది మనిషిని కూడా అంగట్లోకి లాగింది, తమిళంలో ‘విలైమగళ్’ అన్నట్లే. ‘విలువ’ అంగడి నుంచి ఇంటికి వచ్చింది. పది లక్షలు విలువ చేసే స్థలం అంటాం, పెద్దల మాటకు విలువ ఇవ్వాలి అంటాం. ఇంగ్లీషు ‘వాల్యూస్’ ప్రభావంతో బహువచనం చేరి నీతి అనే అర్థం కూడా తెచ్చుకుంది. అందుకే ఒక మనిషిని ‘విలువలేనివాడు’ అంటే ఒకటి, ‘విలువలు లేనివాడు’ అంటే ఇంకొకటి. ‘లు’ ఒక్కటే తేడా.

ఇంగ్లీషు ‘వాల్యూ’ బయలుదేరిన చోటు మాత్రం అంగడి కాదు. లాటిన్‌లో ‘వలేరే’ అంటే బలంగా ఉండడం, ఆరోగ్యంగా ఉండడం. శౌర్యాన్ని చెప్పే ‘వాలర్’, చెల్లుబాటును చెప్పే ‘వాలిడ్’ దాని సంతానమే. ‘ప్రైస్’ది వేరే కుటుంబం. ‘ప్రెషస్’, ‘అప్రీషియేట్’, మెచ్చుకోవడమనే ‘ప్రెయిజ్’ దాని తోబుట్టువులు. అంటే వాళ్లు బలం నుంచి విలువకు వచ్చారు, మనం బేరం నుంచి విలువకు వచ్చాం. నాకు ఈ పోలిక చాలా ఇష్టం.

ప్రశ్న: చిత్తూరు దగ్గరి ఒక మామిడి రైతు

‘వర్త్ ఇట్’ అని మా అబ్బాయి ప్రతిదానికీ అంటాడు. దీనికి తెలుగు ఏమిటి? ‘విలువైనది’ అంటే అతకడం లేదు.

జవాబు

అయ్యా, సరైన మాట మీ నోటనే ఉంటుంది: గిట్టుబాటు. తోతాపురి కాయకు ధర ఎంత ఉన్నా, కోత కూలీలు, ట్రాక్టరు బాడుగ, ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడిన రోజులు అన్నీ లెక్క వేసుకున్నాక ఏమైనా మిగిలితేనే గిట్టుబాటు అంటారు. ‘వర్త్ ఇట్’ అంటే అదే. పెట్టినదానికి, పడినదానికి తగినంత తిరిగి రావడం. ధర వేరు, గిట్టుబాటు ధర వేరని మామిడి రైతుకు తెలిసినంత బాగా ఏ నిఘంటువుకూ తెలియదు.

డబ్బు ప్రసక్తి లేనిచోట ‘దగిన’ పనికివస్తుంది. ‘వర్త్ రీడింగ్’ అంటే చదవదగినది, ‘వర్త్ సీయింగ్’ అంటే చూడదగినది. శ్రమ గురించైతే ‘పడిన కష్టానికి ఫలితం దక్కింది’ అంటాం. తలకోన జలపాతం దాకా నడిచి వెళ్లి వచ్చినవారు ‘వెళ్లినందుకు కళ్లు నిండాయి’ అంటారు. అదీ ‘వర్త్ ఇట్’కు మంచి తెలుగే.

‘వర్త్‌లెస్’కు మన దగ్గర కరువు లేదు. పనికిమాలినది, దేనికీ కొరగానిది, చిల్లిగవ్వ చేయనిది. గవ్వలు ఒకప్పుడు చిల్లర డబ్బుగా చెల్లాయి. మంచి గవ్వకే వెల అంతంతమాత్రం, దానికి చిల్లి పడితే ఇక చెప్పేదేముంది. ‘కాణీకి కొరగాడు’లోని కాణీ రూపాయిలో అరవై నాలుగో వంతు. ఈ మాటలు వాడుతూ ఉంటే పిల్లలకు పాత నాణేల లెక్క కూడా అందుతుంది.

ప్రశ్న: తిరుపతి, ఒక సహకార సంఘంలో పనిచేసే చెల్లెలు

అన్నయ్యా, ‘అవర్ వాల్యూడ్ కస్టమర్స్’ అని వచ్చే ఉత్తరాలను తెలుగు చేస్తున్నాం. ‘మా విలువైన ఖాతాదారులకు’ అని రాస్తున్నారు. సరేనా?

జవాబు

సరిగా లేదమ్మా. ‘వాల్యూడ్’, ‘వాల్యుబుల్’ వేరు. ‘వాల్యూడ్’ అంటే మేము విలువ ఇచ్చేవారు అని. ఆ విలువ ఇచ్చేవారి మనసులో ఉంటుంది. ‘విలువైన ఖాతాదారు’ అనగానే ఆయన ఖాతాలో ఎంత ఉందో చూసి అన్నట్లు వినిపిస్తుంది. తక్కువ నిల్వ ఉన్నవారికి ఆ ఉత్తరం ఇంకోలా తోచవచ్చు. ‘గౌరవనీయులైన ఖాతాదారులకు’ అని రాయండి. ఊళ్లో అందరూ ఒకరికొకరు తెలిసిన చిన్న సంఘమైతే ‘మన సంఘ సభ్యులకు నమస్కారం’ అని మొదలుపెట్టినా బాగుంటుంది. మీ ముసాయిదా ఇక్కడ పెడితే మిగతా వాక్యాలు కూడా చూసి చెబుతాం.